ఏడో నంబరు మంచం వార్డు మారింది

నేను ఒక ఇనుప మంచాన్ని. గొప్పలు చెప్పుకోకూడదు గానీ, మా తాత రైలుపట్టా. ఏనుగొచ్చి పడుకున్నా కిర్రుమనని ఒళ్ళు నాది. నమ్మకపోతే ఆ ఏనుగునే అడగండి. సముద్రం ఒడ్డున పెద్దాసుపత్రిలో, మగవార్డులో, ఏడో నంబరు వేసి నన్ను నిలబెట్టారు. ఊళ్ళో పులుల్లా తిరిగే మీసాలవాళ్ళు సూది చూసి నా కమ్మీలు పట్టుకుని ఏడవడం నాకొక్కదానికే తెలుసు.

స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్ళయిన రోజుల్లో సింహాచలం వచ్చింది. గోనెసంచుల మిల్లులో పని. మగపిల్లవాడని పెంచారు గానీ, ఊహ తెలిసినప్పటి నుంచీ తాను ఆడదే. ఆపరేషన్ చేయమని మూడేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగింది. ఒకాయన పిచ్చాసుపత్రికి పంపితే, బుద్ధి బంగారంలా ఉందని వాళ్ళు తిప్పి పంపారట! చివరికి పేర్రాజు డాక్టరు గారు ఒప్పుకున్నారు. అలాంటి ఆపరేషన్ ఆయనకూ అదే మొదటిది.

అది బాగానే జరిగింది. చిక్కల్లా గుమాస్తాతోనే వచ్చింది.

"ఇంక పేరు మార్చుకోరా" అన్నాడు.

"మా ఊర్లో ఆడోళ్ళకీ సింహాచలమే, మగోళ్ళకీ సింహాచలమే బాబూ. పేరు బాగానే ఉంది. నీ 'రా' యే బాగోలేదు."

ఆడవార్డుకు పంపమని కూడా ఆమె అడిగేసరికి గుమాస్తాకు మండింది. "రిజిస్టర్లో ఏడో నంబరు మంచమని రాసుంది. వీడు మంచం మారడానికి వీల్లేదు!"

మళ్ళీ మగవాళ్ళ మధ్యేనా అని సింహాచలం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డాక్టరు గారు గడ్డం గోక్కుని, "మంచం మారక్కర్లేదయ్యా. మంచమే వార్డు మారుతుంది. పట్టండి!" అన్నారు.

నలుగురు బంట్రోతులు ఆమెతో సహా నన్నెత్తారు. వరండా పొడవునా ఊరేగింపు! చూడడానికి సముద్రం కూడా ఒక నిమిషం అలలు ఆపింది.

ఆడవార్డు గుమ్మంలో ఆగాం. లోపల ఇరవై మంది. అందరి తలలూ మా వైపు తిరిగాయి. అప్పుడు చేపలమ్మే పైడితల్లి మంచం మీంచే కేకేసింది.

"ఏటే గుంటా, గుమ్మానికడ్డంగా తొంగున్నావు? రాయే, నా పక్కన ఖాళీ ఉంది!"

ఏటే గుంటా! ఆడపిల్లను పిలిచే పిలుపు. మూడేళ్ళు ఎన్ని ఆసుపత్రులు తిరిగినా దొరకని మందు అది. సింహాచలం ఏడుస్తూనే నవ్వింది.

"వస్తన్నానప్పా!" అని ఆ కొత్త అక్కకు బదులిచ్చింది.

నెల తర్వాత చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని ఇంటికి బయలుదేరింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి నా కమ్మీ మీద చరిచింది. "ఎల్లొస్తానే మంచమా!"

ఇప్పుడు నేను పాత సామాన్ల షెడ్డులో ఉన్నాను. నంబరు చెరిగింది, తుప్పు పట్టింది. విరిగిన బీరువాలు, కుంటి స్టూళ్ళు నా చుట్టాలు. అందరితోనూ మంచిగానే ఉంటాను. ఎవరైనా 'ఏరా' అంటే మాత్రం ఊరుకోను.