వలకు కట్టిన ముద్ర

బల్గేరియాలో డాన్యూబ్ ఒడ్డునున్న సిలిస్త్రా ఊరి చేపల బజారులో పొలుసులు గీకుతూ గీకుతూ వెలికా ఆ మాట అనేసింది.

"నువ్వు పిచ్చెక్కినట్టు వెతుకుతావే ఆ సీసం బిళ్ళలు, వాటిలో మూడింటిని మా ఆయన వలకి బరువుగా కట్టుకున్నాడమ్మా. ఒకదాని మీద బల్లెం పట్టుకున్న దేవుడున్నాడు."

జ్లాతినా కొన్న చేపను అక్కడే వదిలేసి రేవువైపు నడిచింది.

పదకొండేళ్లుగా ఆమె ఆ బల్లెం దేవుడి కోసమే చూస్తోంది. వెయ్యేళ్ల కిందట ఇదే ఊళ్లో కొలువున్న బైజాంటియం సేనాపతి ఒకడు, ఉత్తరానికి చుట్టిన దారం మీద సీసం బిళ్ళ పెట్టి, పటకారు లాంటి అచ్చుతో నొక్కి పంపేవాడు. అలాంటి బిళ్ళ ఒకటి ఆమె పనిచేసే మ్యూజియంలో ఉంది. ఒకవైపు బల్లెంతో సెయింట్ థియొడోర్. రెండోవైపు గ్రీకులో, ప్రభూ ఈ సేనాపతిని కాపాడు అన్న రాత. అచ్చు పక్కకు జరిగి పడడంతో పేరున్న వరుస తెగిపోయింది. పేరు చివర "రో" ఒక్కటే మిగిలింది. దేవుడు థియొడోర్ కాబట్టి మనిషి పేరూ అదేనని, ప్రార్థనలో పేర్లు ఓకారంతో ముగుస్తాయి గనక "థియొడోరో" అని రాసి ఉంటారని జ్లాతినా తేల్చింది. అతనికి వంశం కట్టింది, అన్నదమ్ముల్ని వెతికిపెట్టింది. ఆ పుస్తకం ఇప్పుడు రాజధాని సోఫియాలో అచ్చుకు వెళ్లింది. మ్యూజియం బిళ్ళను నొక్కిన అచ్చుతోనే కొట్టిన మరో బిళ్ళ దొరికితే పేరు మొత్తం చదవొచ్చు.

రేవులో వెలికా భర్త ద్రాగ్ని పడవ అంచున కూర్చుని ఉల్లిపాయతో రొట్టె తింటున్నాడు.

"వచ్చావా పంతులమ్మా! మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా."

"ఆ వల ఒక్కసారి చూడనీ బాబాయ్."

"వల ఏట్లో ఉంది. సాయంత్రం తీస్తా."

"ఇప్పుడే తీద్దాం."

"నువ్వు తొందరపడితే చేపలు కూడా తొందరపడి వచ్చి పడతాయా?"

"ఆ బిళ్ళల బదులు కొట్లో కొత్త బరువులు కొనిస్తాను."

"వాటికింత చక్కటి బెజ్జం ఉండదమ్మా. దారం దూర్చడానికే పుట్టినట్టున్నాయి ఇవి."

"దారం దూర్చడానికే చేశారు బాబాయ్, వెయ్యేళ్ల కిందట!"

"మరి నేను చేసిన తప్పేంటి?"

జ్లాతినా తల పట్టుకుని పక్కనే కూలబడింది. ఆమె వాలకం చూసి ద్రాగ్ని గొణుక్కుంటూ రొట్టె మూట కట్టి, ఇంజను తాడు లాగాడు.

ఆ ఆగస్టులో డాన్యూబ్ బాగా తగ్గిపోయింది. అవతల రొమేనియా ఒడ్డున ఇసక మేటలు బయటపడ్డాయి. వల సగం పైకొచ్చాక మునిగిన దుంగకు పట్టుకుంది. ద్రాగ్ని పడవ అంచుకు కాలు తన్నిపట్టి లాగాడు. వల చర్రున చిరిగింది. వల అడుగున బిళ్ళలు కట్టిన తాడు తెగి, రెండు బిళ్ళలు బుడుంగున నీళ్లలో పడ్డాయి.

"అయ్యో, మెల్లిగా! మెల్లిగా లాగు!" జ్లాతినా అరిచింది.

"చిరిగిన వల నాది, అరుపులు నీవి!"

మిగిలిన బిళ్ళ పడవలోకి వచ్చింది. జ్లాతినా దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. బల్లెం అదే, డాలు అదే. సందేహం లేదు, ఒకే అచ్చు. బిళ్ళను వెనక్కి తిప్పింది. రాత ఉండాల్సిన చోట సీసం కొత్త గరిటెలా మెరుస్తోంది.

"ఏం చేశావు దీన్ని?"

"మురికిగా ఉంటే ఇసకతో తోమాను. దేవుడి వైపు గట్టిగా తోమలేదులే. పాపం తగులుతుందని."

జ్లాతినాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. బిళ్ళను ఎండకు ఏటవాలుగా పట్టింది. పేరున్న వరుస మొదట్లో ఒక గీత ఇంకా మిగిలుంది. నిలువుగా, నిటారుగా ఉంది. థియొడోర్ పేరులో మొదటి గ్రీకు అక్షరం సున్నాలా గుండ్రంగా ఉండాలి. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. గీత వంగలేదు.

"ఏం రాసుంది?" ద్రాగ్ని అడిగాడు.

"థియొడోర్ కాదని."

"ఇంత చిన్న బిళ్ళ మీద అంత మాట రాశారా! మరెవరట?"

"పెత్రో కావచ్చు. నికెఫోరో కావచ్చు. ఇసిడోరో కావచ్చు. గ్రీకులో మూడూ నిలువు గీతతోనే మొదలవుతాయి. నువ్వు తోమకపోతే తెలిసేది."

"నాకేం తెలుసమ్మా!" అన్నాడు ద్రాగ్ని, ఈసారి వెటకారం లేకుండా. "నువ్వొక్కదానివే కదా చదివేది. ముందే వచ్చి చెప్పుండాల్సింది."

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. పదకొండేళ్లలో రేవుకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుంటే వేళ్లు మిగిలాయి.

ఒడ్డుకు చేరగానే సోఫియాకు ఫోన్ చేసింది. అటువైపు ఎడిటర్ పెద్దగా నిట్టూర్చింది.

"పేజీలు కట్టేశామండీ. నలభై చోట్లుంది థియొడోర్ పేరు."

"నలభై చోట్లా తీసేయండి. వంశం మీద రాసిన అధ్యాయం మొత్తం తీసేయండి."

"మొత్తమా? మరి ఏ పేరు పెట్టమంటారు?"

"చుక్కలు పెట్టండి," అంది జ్లాతినా. ఫోన్ సంచిలో పడేసి, పంట్లాం మోకాళ్లదాకా మడిచింది.

"బాబాయ్, మిగతా రెండూ ఎక్కడ పడ్డాయో చూపించు."