చెరిపేసిన చుక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చిన్నపిల్లల బడిలో పనిచేసేవాడికి అది పనికిరాదని చేరిన రోజే పెద్ద మేడమ్ చెప్పింది. "ఇక్కడందరూ మూడేళ్ళవాళ్ళూ నాలుగేళ్ళవాళ్ళూ మాస్టారూ. మీ కోపాన్ని గేటు బయట వదిలేసి రండి" అంది. గేటు బయట మాత్రం నాకేముంది కనక? ఒక గది, ఒక స్టవ్వు, ఒక కుర్చీ. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. సాయంత్రం తలుపు తీస్తే పొద్దున నేను తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది.

అంతకుముందు ముప్పై రెండేళ్ళు దుకాణాల బోర్డులు రాశాను. అక్షరం వంకర పోకూడదు, రంగు గీత దాటకూడదు. ఎక్కడైనా చుక్క కారితే ఆరకముందే గుడ్డతో తుడవాలి, ఆరిపోతే బ్లేడు అంచుతో గీకాలి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నా బోర్డు మీద మరక చూశానన్నవాడు ఆ వీధుల్లో ఒక్కడూ లేడు. తర్వాత మిషన్ బోర్డులు వచ్చాయి, నా కుంచెలు అటకెక్కాయి. తిరిగి తిరిగి ఈ బడిలో డ్రాయింగ్ మాస్టారుగా తేలాను.

ఈ బడిలో నెలాఖరు శుక్రవారాన్ని గోడరోజు అంటారు. పిల్లలు వేసిన బొమ్మల్లోంచి తలా ఒకటి తీసి హాలు గోడకి అంటిస్తారు. తల్లిదండ్రులు వచ్చి చూసుకుని మురిసిపోతారు. ముందురోజు ఆ బొమ్మలన్నిటినీ సరిచేయడం నా పని. కుక్కకి నాలుగో కాలు, సూర్యుడికి గుండ్రటి అంచు, ఇంటికి తలుపు పెట్టేవాణ్ణి. ఎవరూ చెప్పకపోయినా చేసేవాణ్ణేమో, వంకర గీత కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

ఆ పిల్లల్లో ఒకతె ఉండేది. నాలుగేళ్ళు. బడిలో చేరి మూడు నెలలైనా నోరు విప్పలేదు. తక్కినవాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే ఆ పిల్ల మూల బల్ల దగ్గర కూర్చుని బొమ్మ వేసుకునేది. నేను ముంగి అని పేరు పెట్టాను. "ఏమే ముంగీ, నోట్లో ముత్యాలున్నాయా, తెరిస్తే రాలిపోతాయా?" అని ఆటపట్టించేవాణ్ణి. ఆ పిల్ల తలెత్తి నన్నోసారి చూసి మళ్ళీ క్రేయాన్ అందుకునేది. రోజూ ఒకటే బొమ్మ. కాగితానికి అడ్డంగా ఒక పొడుగాటి గోధుమరంగు ఆకారం, దానికి ఒక చివర రెండు పొట్టి గీతలు. అంతే.

కొత్తగా చేరినవాళ్ళ బొమ్మలు మూడో నెల నుంచే గోడకెక్కుతాయి. ఆ నెల గోడరోజుకి ముందు ఆ బొమ్మని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఇదేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్తాం? పడవలా అనిపించింది. సరే, పడవే చేద్దామనుకున్నాను. ఆ రెండు గీతల్నీ చెక్కల అతుకుల్లో కలిపేశాను. తెరచాప కట్టాను, కింద నీళ్ళు పారించాను. పడవ రెండో చివర పక్కన ఒక ఎర్రటి చుక్క ఉంది, క్రేయాన్ జారి పడ్డ మరక. బ్లేడుతో నెమ్మదిగా గీకి ఆనవాలు లేకుండా చేశాను. బాగా కుదిరింది. ఆ పూట నా పనితనానికి నేనే పొంగిపోయాను.

మర్నాడు ముంగి వాళ్ళమ్మ వచ్చింది. హాస్పిటల్లో రాత్రి డ్యూటీ నర్సు. ఎప్పుడు చూసినా ఆవిడ కళ్ళు మూతలు పడుతూనే ఉంటాయి. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, రాత్రిళ్ళు పిల్లని పక్కింట్లో పడుకోబెట్టి వెళ్తుంది. గోడ మీద కూతురి పేరు చూసి, "పడవ! ఎంత బాగా వేశావే బంగారం!" అని ముద్దు పెట్టుకుంది. పిల్ల ముద్దుని పట్టించుకోలేదు. ముందు గోడంతా వెతికింది. తిరిగొచ్చి పడవ ముందు నిలబడి, నేను గీకినచోట వేలు పెట్టి రుద్దసాగింది. "రుద్దకమ్మా, పాడైపోతుంది" అని తల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

సోమవారం నుంచి ఆ పిల్ల క్రేయాన్ ముట్టలేదు. కాగితం ముందు పెడితే రెండు చేతులూ తొడల కింద దాచుకుని కూర్చునేది. మూడోరోజు నేను కసిరాను, నాలుగోరోజు బతిమాలాను, కొత్త రంగుల పెట్టె తెచ్చి మూత కూడా తీసిపెట్టాను. ఊహూఁ. అలా రెండు వారాలు గడిచాయి.

పెద్ద మేడమ్ నన్ను పిలిచింది. "మాటలు లేకపోయినా బొమ్మలు వేస్తోంది కదా అని ధైర్యంగా ఉన్నాను మాస్టారూ. ఈ వయసులో నోటితో చెప్పలేనిది చేత్తో చెప్తారు. ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది. ఏం జరిగింది?"

"నాకేం తెలుసు మేడమ్?" అన్నాను కోపంగా. తెలియకే అన్నాను.

పిల్లలు ఇంటికి వెళ్ళాక బీరువాలోంచి ఆ పిల్ల కాగితాల కట్ట తీశాను. ఆ నెలలో వేసినవి పదిహేడు ఉన్నాయి. నేల మీద వరసగా పరిచాను. పదిహేడింటిలోనూ అదే గోధుమరంగు ఆకారం, అవే రెండు గీతలు. పదిహేడింటిలోనూ రెండో చివర, అదే చోట, అదే ఎర్రచుక్క. ఓరి నాయనో అనుకున్నాను. ముప్పై రెండేళ్ళు రంగుతో బతికినవాణ్ణి. కారిన చుక్క ఎక్కడ పడాలనుకుంటే అక్కడ పడుతుంది, పదిహేడుసార్లు ఒకేచోట పడదు. అది మరక కాదు, ఆ పిల్ల కావాలని పెట్టింది. ఆ రెండు గీతలేమిటో కూడా అప్పుడే తెలిసింది. మూసుకున్న కళ్ళు. ఎవరో పడుకుని ఉన్నారు.

మర్నాడు పన్నెండున్నరకి తల్లి వచ్చేసరికి కాగితాలు చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. "నీతో ఒక మాట చెప్పాలమ్మా" అన్నాను.

"నడుస్తూ చెప్పండి మాస్టారూ. ఆగానంటే నిలబడే నిద్రపోతాను" అని నవ్వింది.

దారిలో చెప్పే మాట కాదనిపించి ఇంటిదాకా వెంట నడిచాను. వాళ్ళది రెండో అంతస్తులో ఒకటే గది. కిటికీకి మందపాటి పరదా, పట్టపగలే చీకటి. గోడవారగా మంచం. మంచానికి కాళ్ళవైపు నేల మీద ఒక చిన్న పీట. పిల్ల ఎర్ర చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఆ పీట మీద కూర్చుంది. కూర్చుని మంచం వైపు చూస్తోంది.

"రోజూ అక్కడేనా?" అన్నాను.

"అవునండీ. బడినుంచి రాగానే అన్నం పెట్టేసి నేను పడుకుంటాను. సాయంత్రం దాకా అలా బుద్ధిగా కూర్చుంటుంది. అమ్మ నిద్రపోతోంది, చప్పుడు చేయకు అని ఒక్కసారి చెప్పాను, అంతే, ఇంక చేయదు. అదృష్టం మాస్టారూ, అస్సలు విసిగించదు."

నేను కాగితాలు మంచం మీద పరిచాను. "ఇది నువ్వమ్మా. పడుకుని ఉన్నావు. ఇవి నీ కళ్ళు. ఈ చుక్క నీ కూతురు. మరకనుకుని నేను బ్లేడుతో గీకేశాను. నిన్ను పడవ చేసేశాను. నీతో చెప్పుకుందామని అది మూడు నెలలుగా వేస్తోంది. నువ్వు చూసే రోజున నేను చెరిపేశాను."

ఆవిడ ఒక్కో కాగితం తీసి చూసింది. ఎక్కడా కళ్ళు తెరిచి ఉన్న బొమ్మ లేదు. "ఇంత దూరంగా ఉంటానా నేను?" అంది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చప్పుడు రాకుండా ఏడ్చింది. ఆ ఇంట్లో అందరికీ అదే అలవాటేమో.

పిల్ల కంగారుగా పీట మీంచి లేవబోయింది. తల్లి మంచం మీదనుంచి జారి పీట పక్కన నేల మీద పడుకుంది, తల పిల్ల ఒడి దగ్గర పెట్టి. "నిద్రపోను బంగారం. చూస్తూ ఉంటాను. నా బొమ్మ వేస్తావా?"

నేను జేబులోంచి క్రేయాన్లు తీసి, తెల్లకాగితంతో పాటు నేల మీద పెట్టి వెనక్కి జరిగాను. కాగితం చూడగానే పిల్ల చేతులు రెండూ తొడల కిందికి పోయాయి. ఆ తర్వాత తొడ కిందనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి గోధుమరంగు క్రేయాన్ అందుకుంది. అడ్డంగా ఆకారం వేసింది. తల్లి ముఖంలోకి తొంగిచూసి, పొట్టి గీతలకి బదులు రెండు సున్నాలు చుట్టింది. ఎర్ర క్రేయాన్ తీసుకుంది. చుక్కని కాళ్ళ దగ్గర పెట్టలేదు, ఆ సున్నాల పక్కనే, వాటిని తాకేలా గట్టిగా నొక్కి పెట్టింది.

నాకు సంతోషం ఆగలేదు. వెర్రివాడిలా చెయ్యి చాచాను, దగ్గరగా చూద్దామని.

ఆ పిల్ల నా చెయ్యి చూసింది. బొమ్మ మీదకి వంగి రెండు అరచేతులతో చుక్కని కప్పేసింది.

"ఏం చేయరమ్మా, మాస్టారు మంచివారు" అంది తల్లి.

పిల్ల చేతులు తీయలేదు. నేను నా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాను. "తీయొద్దు తల్లీ, అలాగే పట్టుకో" అన్నాను.