ఆనని బిళ్లలు

సుబ్బలక్ష్మి పొద్దున్నే ముందుగదిలోని అరలు తుడిచేది. తడిగుడ్డని బిళ్లల కింద నుంచే లాగేది. వాటిని తీసి పక్కన పెట్టే పని ఉండేది కాదు, చాలా బిళ్లలు అరకి బెత్తెడు ఎత్తున, కదలకుండా గాల్లో నిలిచి ఉండేవి. అర మీద కూర్చున్న వాటిని మాత్రం రెండు చేతులా తీసి, తుడిచి, కళ్లకద్దుకుని మళ్లీ పెట్టేది. అవి పోయినవాళ్లవి.

తార్నాకలో ఆ వీధి వాళ్లందరికీ సుబ్బలక్ష్మి భర్త ఓబులేసు సారు బిళ్లల సంగతి తెలుసు. కడప జిల్లా నుంచి వచ్చి యూనివర్సిటీలో ఆటలు నేర్పే ఆయనకి పాత ఫ్రిస్బీలు, అంటే విసిరి పట్టుకునే గుండ్రటి ఆట బిళ్లలు, పోగుచేయడం పిచ్చి. అమెరికాలో ఇది ఇంకా ఆట కాకముందు కుర్రాళ్లు సరదాకి విసురుకున్న రేకు పళ్లెం ఆయన దగ్గర ఉంది. అంచు మీద గ్రహాల పేర్లు అచ్చుపోసిన ప్లాస్టిక్ బిళ్ల ఉంది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు వరసగా నిలబడి, ఎదుటివాడు పట్టలేనంత బలంగా విసిరే తొలినాటి పోటీల్లో ఆడి అంచు పగిలిన బిళ్ల కూడా ఉంది. కొన్ని ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికినవి. కొన్ని, క్యాంపస్‌లో కొన్నాళ్లు పాఠాలు చెప్పిన ఒక అమెరికా ప్రొఫెసర్ ఇచ్చి వెళ్లినవి.

ఏ బిళ్లతో ఎవరు పోటీ గెలిచారో, వాళ్లు బతికున్నంతకాలం అది అరని ఆనదు. ఆ ప్రొఫెసర్ కుర్రతనంలో గెలిచిన బిళ్ల ఓ మధ్యాహ్నం చిన్న చప్పుడుతో కూర్చుంది. ఆయన పోయాడన్న కబురు నెల తర్వాత వచ్చింది. సుబ్బలక్ష్మి మాత్రం బిళ్ల కూర్చున్న సాయంత్రమే దీపం పెట్టేసింది.

పై వరసలో రెండు బిళ్లలు మాత్రం క్యాంపస్‌లో గెలిచినవి. డెబ్బైల చివర్లో ఓబులేసు సారు మైదానంలో సున్నం గీతలు గీయించి పోటీలు పెట్టాడు. గాలికి ఎదురు విసిరిన బిళ్లని ఎంత ఎక్కువసేపు గాల్లో ఉంచగలిగితే అంత గొప్ప. అయితే విసిరినవాళ్లే దాన్ని ఒంటిచేత్తో పట్టుకోవాలి. అందులో దేవేందర్ గెలిచాడు. విసిరి, వెంట పరుగెత్తి, దూరాన అందుకునే పోటీలో పద్మశ్రీ గెలిచింది. తర్వాత ఆ ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. పెళ్లయిన మూడో ఏడు దేవేందర్ పని వెతుక్కుంటానని బయల్దేరాడు. మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి అతని తల్లి ఈరమ్మ ప్రతి గురువారం మల్కాజ్‌గిరి నుంచి వచ్చేది. కొంగులో ఇంత గోంగూరో పచ్చిమిరపకాయలో తెచ్చేది.

"ఎట్లున్నడు చెల్లె, మావోడు?"

"బాగుండాడక్కా, చూడు."

ఈరమ్మ కొడుకు బిళ్ల కింద అరచెయ్యి పెట్టి చూసుకునేది. చాయ్ తాగి వెళ్లిపోయేది.

పద్మశ్రీ ఎప్పుడూ రాలేదు. నల్లకుంటలో ఒక ప్రైవేటు బడిలో పీటీ టీచరుగా చేసేది. బడి వదలగానే మల్కాజ్‌గిరిలో అత్తింటికే. పాటియాలాలో కోచ్ ట్రైనింగ్‌కి సీటు వచ్చినా వెళ్లలేదు. "నేను ఇంట్ల లేనప్పుడు ఆయనొస్తే ఎట్ల సార్?" అంది, ఆ కబురు చెప్పడానికి బడికి వచ్చిన ఓబులేసు సారుతో.

తొంభై మూడు వానాకాలంలో మల్కాజ్‌గిరి స్టేషన్ దగ్గర పట్టాల మీద ఒక శవం దొరికింది. మొహం గుర్తుపట్టేలా లేదు. ఈరమ్మ తమ్ముడు రాజలింగు చూసి ఏడుస్తూ వచ్చాడు.

"మన దేవేందరే అక్కా. గదే ఎత్తు, గవే చేతులు."

ఇంటి ముందు జనం పోగయ్యారు. ఆడవాళ్లు పద్మశ్రీని చుట్టుకుని ఏడ్చారు. ఆమె కంట నీరు రాలేదు. గోడకి ఒరిగి, ఎంతో దూరం నడిచొచ్చి కూలబడిన మనిషిలా కళ్లు మూసుకుంది. ఈరమ్మ ఎవరికీ చెప్పకుండా లేచి, కాళ్లకి చెప్పులైనా లేకుండా తార్నాక వచ్చింది.

కొడుకు బిళ్ల ఎప్పటిలాగే గాల్లో ఉంది.

"ఉన్నడు! నా కొడుకు ఉన్నడు!" ఈరమ్మ అరని పట్టుకుని భోరుమంది.

సుబ్బలక్ష్మి మంచినీళ్లు ఇచ్చి, ఆమె తెప్పరిల్లేదాకా ఆగింది.

"అక్కా, ఇంగొకటి చూపించాల. చానాళ్లుగా చెప్దామనుకుంటాండా, నోరు రాలేదు."

పక్కనే ఉన్న పసుపు బిళ్ల కింద తడిగుడ్డ కొస పెట్టింది. గుడ్డ దూరలేదు.

"గిది ఎవలది?"

"మీ కోడలిది. మొదట్లో అన్నిటికన్నా ఇదే ఎత్తు. ఏటికేడు దిగుతాండాది. పోయిన ఉగాదికి గుడ్డ పట్టేది. ఇప్పుడు కాయితం గూడా పట్టదు, ఎంటికంత సందే మిగిలుండాది."

ఈరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పానం బాగలేదా దానికి? నాకు చెప్పకుంట దాస్తున్నదా?"

"జబ్బేమీ లేదమ్మా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఓబులేసు సారు నెమ్మదిగా. "ఎదురుచూస్తాండాది. అంతే."

ఈరమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. కొడుకుది ఎత్తున, తేలిగ్గా, ఏ దిగులూ ఎరగనట్టుంది. ఇన్నేళ్లూ వాడు బతికున్నాడనే చూసుకుంది తప్ప, బతికుండీ రావడం లేదని అనుకోలేదు.

"మంచిగున్నడు," అంది చివరికి. "మంచిగుండే వస్తలేడు."

ఆమె ఇల్లు చేరేసరికి రాజలింగు పాడెకి వెదుళ్లు తెప్పించాడు.

"వాడు మనోడు కాడు," అంది ఈరమ్మ. "గా పిల్లగాని కోసం ఎవలన్న వస్తరేమో అడుగు. రాకుంటే అంబర్‌పేటకు తీస్కపోయి మనమే కాల్చొద్దాం. ఆనిగ్గూడ తల్లుంటది."

అందరినీ వాకిట్లోకి పంపేసి కోడలి ఎదురుగా కూర్చుంది.

"ఆయన కాదా అత్తమ్మా?"

"కాదు బిడ్డా."

పద్మశ్రీ అప్పుడు ఏడ్చింది. వాకిట్లో ఉన్నవాళ్లు సంతోషం అనుకున్నారు. ఈరమ్మ అలా అనుకోలేదు.

"వాడు బతికున్నడు. నాకు గది చాలు, తల్లిని. నీకు చాలదు." కోడలి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "గా పాటియాల చదువు మళ్లా అడుగు."

"మిమ్మల్ని ఒక్కల్నే ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె? రేపు ఆయనొస్తే..."

"వస్తే నేనున్న గద, తలుపు తియ్యనీకి. నువ్వు పో."

పద్మశ్రీ తల ఎత్తలేదు. వినపడీ వినపడనట్టు, "సార్‌ని అడుగుత," అంది.

మరుసటి ఏడు ఓబులేసు సారు చొరవతో సీటు మళ్లీ వచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కదలబోయే ముందు పద్మశ్రీ మెళ్లోంచి పుస్తెలతాడు తీసి అత్త చేతిలో పెట్టింది.

"ఆయనొస్తే ఇయ్యుండ్రి."

ఈరమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

రైలు వెళ్లిపోయాక కూడా ఆమె ప్లాట్‌ఫారం చివరే నిలబడింది. "ఏడుస్తున్నవా అక్కా?" అన్నాడు రాజలింగు.

"లేదుర," అంది ఈరమ్మ పట్టాలవైపే చూస్తూ. "పిల్లకు కిటికి పక్క సీటు దొర్కిందో లేదో చూస్తున్న."