తలలు తిరిగిన పక్క

కోసిగి దగ్గర ఒక పల్లెలో పొద్దున నీళ్లకు పోయే ఆడవాళ్లు కుంటలోకి ఒకసారి తొంగిచూసి పోతారు. గుడ్లు పగిలి పుట్టిన తోకకప్పలు ఏ పక్కకు తలలు పెడితే, ఊరి కాళ్లు ఆ యేడు సుగ్గికి ఆ పక్కకే నడుస్తాయి. సుగ్గి అంటే కూలికి వలసపోవడం. నిరుడు గుంటూరు మిరపచేలకు, అంతకుముందు బెంగళూరు ఇటుకబట్టీలకు.

తల్లీకూతుళ్లు ఇద్దరే ఉన్న ఇల్లు హులిగెమ్మది. కూతురు శివజ్యోతి పదో తరగతి.

"ఈయేడు నన్ను ఇడిసి పోమ్మా. పరీచ్చలు రాస్తా."

"ఒంటి ఆడపిల్లను యాడ ఇడిసేది? నీ పుస్తకాలు కావలి కాస్తాయా?"

ఊళ్లో ఎవరూ పోకుంటే తనూ పోయే పని లేదు కదా అనుకుంది కూతురు. కుంటలో కప్పగుడ్లు ఇంకా నల్లచుక్కలుగా ఉన్నప్పుడే, పాత స్పీకర్లోంచి ఊడబీకిన అయస్కాంతాన్ని శివజ్యోతి ఊరివైపు గట్టులో పూడ్చింది. బళ్లో అయస్కాంతం పెడితే దిక్సూచి సూది తిరిగింది, ఇవెందుకు తిరగవు?

తిరిగాయి. పుట్టినవన్నీ కొడవళ్ల మాదిరి నడుములు వంగి, ఊరివైపే తలలు పెట్టాయి.

"ఈయేడు ఈడే పనంట," అన్నాడు ముసలి ఉరుకుందు.

"ఈడ ఏముండాది తాతా, గాలి మేసేదా?" అంది హులిగెమ్మ.

ఊళ్లో కూలి దొరకదన్న సంగతి శివజ్యోతికి అప్పుడు తోచింది. అయస్కాంతం తవ్వి అవతలికి విసిరేసింది. చేత్తో నీళ్లు కలియబెట్టింది. చెదిరిన కప్పపిల్లలు తేరుకొని మళ్లీ ఊరివైపే తిరిగాయి. గుడ్డులో పడిన వంపు బయట పోయేది కాదు.

శనివారం కూలీలను సుగ్గికి తీసుకుపోయే లారీ వచ్చింది. హులిగెమ్మ మూటెత్తుకొని కూతురి చెయ్యి పట్టుకొని నడిచింది. ఇరవై అడుగులు వేసేసరికి సొంత వాకిట్లో ఉంది. మళ్లీ నడిచింది. మళ్లీ వాకిలే. ఊరంతా అదే మాదిరి.

"ఏమక్కా, ఎక్కేదుండాదా, తిరునాళ్ల ఆడేదా?" అన్నాడు మేస్త్రి దేవేంద్రప్ప.

"కాళ్లు ఇంటిపక్కకే పోతాండాయప్పా."

"పక్కూరోళ్లు కాసుకోనుండారు. నేను నిలబడేదానికి కాదు." లారీ పోయింది.

"అమ్మా, నేనే చేసినా," అని శివజ్యోతి అంతా చెప్పేసింది. దెబ్బకోసం తల వంచింది. దెబ్బ పడలేదు.

"పరీచ్చలెప్పుడు?"

"మార్చిలో."

హులిగెమ్మ మూట విప్పింది. దారికని కాల్చి ఎండబెట్టిన జొన్నరొట్టె ఒకటి తీసి రెండు చేసింది. మార్చికి ఎన్ని నెలలో వేళ్లమీద లెక్కేసి, ఒక సగాన్ని మళ్లీ రెండు చేసింది.