ఆరేళ్ళ పళ్ళు

సంఘంలో ఆమెను అందరూ రాకడమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం పాస్టరుగారికి కూడా లేదు. ప్రభువు రాకడ దగ్గరపడిందని ముప్పై ఏళ్ళుగా కనిపించినవాళ్ళకల్లా చెబుతూ వస్తోంది కాబట్టి ఆ పేరు పడింది. తేదీ మాత్రం ఏనాడూ చెప్పలేదు. తేదీలు చెప్పేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. ఒకసారి ఎవరో ప్రసంగీకుడు నెలా సంవత్సరంతో సహా లెక్క తేల్చి చెబితే, "తండ్రికి తప్ప ఎవరికీ తెలియని సంగతి నీ చెవిలో ఎవరూదారు నాయనా?" అని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది.

ఆమె పట్టింపల్లా ఒక్కటే. ఎక్కువకాలం మన్నే వస్తువు కొన్నారంటే, ఆయన ఇప్పట్లో రాడని మీరు తీర్మానించుకున్నట్టే. పదేళ్ళ వారంటీతో ఫ్రిజ్ కొన్నావిడను, "పదేళ్ళదాకా రానని ఆయన నీకు రాసిచ్చాడా?" అని అడిగింది. ఇంటిమీద రెండో అంతస్తు వేస్తున్న తాపీమేస్త్రీతో, "పైకి వెళ్ళే దారి అది కాదురా అబ్బాయ్" అంది. అంతెందుకు, భర్తను సమాధి చేసిననాడు కాటికాపరి దగ్గరకొచ్చి, "పక్కన చోటుంది, మీకోసం ఉంచమంటారా అమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. "నాకు దానితో పని పడదు" అని ముఖం తిప్పుకుంది. మేఘాలు తెరుచుకునే రోజున తాను నేలమీద నిలబడి ఉంటానని ఆమె నమ్మకం. ఆ నమ్మకం వెనక మట్టిలోకి వెళ్ళడమంటే భయం ఉందని ఆమెకూ తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదు, అంతే.

అలాంటి మనిషికి డెబ్బై రెండో ఏట, పుచ్చిపోయి మిగిలిన పదకొండు పళ్ళూ డాక్టరు పీకేశాడు. చిగుళ్ళు మానాక పళ్ళ సెట్టు పెట్టించుకోమన్నాడు. అదేమంత కష్టమూ కాదు. ఆమె కోడలు చేసే ఉద్యోగమే అది. ఆ డాక్టరు ఆసుపత్రి వెనకగదిలో మైనమూ ప్లాస్టరూ ముందేసుకుని ఊళ్ళోవాళ్ళందరికీ కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది.

"ఎన్నేళ్ళొస్తాయి?" అని అడిగింది రాకడమ్మ.

"జాగ్రత్తగా వాడుకుంటే ఆరేళ్ళొస్తాయి అత్తయ్యా."

"అయితే నాకొద్దు."

కోడలు బతిమాలింది, అలిగింది, చివరికి ఊరుకుంది. కోడలు ఊరంతటికీ పళ్ళు పెడుతుంటే అత్తగారు బోసినోటితో తిరగడమేమిటని చుట్టుపక్కలవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. రాకడమ్మ చెవిన పెట్టలేదు. నాలుగు నెలలపాటు జావ తాగుతూ, మెత్తటి అన్నం మింగుతూ కాలక్షేపం చేసింది.

ఇంతలో పంతులమ్మకు జబ్బు ముదిరింది.

పంతులమ్మది రెండు వీధుల అవతల. ఒకప్పుడు ఆవిడ బడిలో పాఠాలు చెప్పేది, రాకడమ్మ అదే బడి ఊడ్చేది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక పంతులమ్మే ఖాళీ తరగతిగదిలో కూర్చోబెట్టి, ముప్పై దాటిన మనిషికి అక్షరాలు దిద్దించింది. చదవడానికి పుస్తకం ఏదంటే బైబిలే అంది రాకడమ్మ. "ముందు చివరి పేజీలు నేర్పండి పంతులమ్మగారూ. కథ ఎలా ముగుస్తుందో తెలిస్తే మొదట్నుంచి ధైర్యంగా చదువుకుంటాను" అంది. అలా కూడబలుక్కుని ఆమె చదివిన మొదటి మాటలు ఆ కొత్త పట్టణం గురించినవి. రాత్రి లేని పట్టణం, ముత్యాల ద్వారాలు, ఎవరి కంటా నీళ్ళుండని చోటు. "నేను పోయేముందు ఇవి నువ్వే చదివి వినిపించాలి. అదే నా జీతం" అంది పంతులమ్మ అప్పట్లోనే.

ఇప్పుడావిడకు చూపు పోయింది, కాలేయం చెడిపోయింది. నెలరోజులు గడిస్తే గొప్ప అన్నారు. రాకడమ్మ పుస్తకం పట్టుకుని వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. ఒక పేజీ చదివిందో లేదో, పంతులమ్మ చెయ్యెత్తింది.

"ఏమే, నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ఏమీ లేదండీ. అదే కదా గొడవ."

"ఒక్క ముక్క అర్థం కావడంలేదు. స్పష్టంగా పలుకు."

మళ్ళీ మొదలుపెట్టింది. పెదవులు బిగించి చదివింది, నెమ్మదిగా చదివింది, గొంతు పెంచి చదివింది. ప్రతి మాటా గాలిగా మారి బయటికొచ్చింది. సేవ చేస్తున్న అక్కకూతురు, "నేను చదవనా పిన్నీ?" అంది. "నువ్వు వార్తలు చదివినట్టు చదువుతావు, వద్దు" అని పంతులమ్మ గోడవైపు తిరిగింది. "పోనీలే. గుర్తున్నంతవరకు నేనే చెప్పుకుంటాను."

ఆ మాట రాకడమ్మ గుండెల్లో గుచ్చుకుంది. కోప్పడినా బాగుండేది అనుకుంది.

"సెట్టు పెట్టించుకుంటే ఆరేళ్ళొస్తుందటండీ. ఆయన వచ్చేస్తుంటే ఆరేళ్ళ వస్తువు నాకెందుకని..." అని నసిగింది.

"ఆయన వచ్చేసరికి నువ్వు చదువుతూ కనిపిస్తే కోప్పడతాడా? చేతిలో పని లేకుండా ఆకాశం చూస్తూ కూర్చుంటే కోప్పడతాడుగానీ" అంది పంతులమ్మ, గోడవైపు తిరిగే.

రాకడమ్మ ఇంటికి వెళ్ళలేదు. నేరుగా ఆసుపత్రి వెనకగదికి వెళ్ళి కోడలి ఎదుట నిలబడింది.

"కొలతలు తీయించు."

"ఆరేళ్ళొస్తాయి మరి, పర్వాలేదా?"

"వస్తే రానీ. పది రోజుల్లో కావాలి. ఆవిడకు ఎక్కువ రోజుల్లేవు."

మామూలుగా నెల పట్టే పని. ఇంకొకరైతే అత్తగారిని దెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. కోడలు మాత్రం మిగతా సెట్లు పక్కకు నెట్టింది. డాక్టరు నోటినిండా ముద్ద పెట్టి అచ్చు తీస్తుంటే రాకడమ్మకు కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నాలుగో రోజుకు మైనంలో గుచ్చిన పళ్ళు నోట్లో పెట్టి, ఏదైనా పలకమంది కోడలు.

"ఆమేన్" అంది రాకడమ్మ.

"అది పళ్ళు లేకపోయినా వస్తుంది అత్తయ్యా. ఇంకేదైనా అనండి."

"పట్టణం. ద్వారం. ముత్యం."

ముత్యం దగ్గర నాలుక తట్టుకుంటోందని ముందు రెండు పళ్ళూ కాస్త బయటికి జరిపింది. ఎనిమిదో రోజుకల్లా సెట్టు చేతిలో పెట్టింది. మొదట్లో రోజుకు గంటకు మించి పెట్టుకోవద్దని మరీమరీ చెప్పింది. రాకడమ్మ సరేనని తలూపి, పొద్దున పెట్టుకున్నవి సాయంత్రందాకా తీయలేదు.

ఆ మధ్యాహ్నం పంతులమ్మ మంచం పక్కన కూర్చుని చదివింది. ప్రతి అక్షరం నిలబడింది. పంతులమ్మ పెదవులు కూడా వెంట కదిలాయి. ఒకచోట, "అక్కడ ఆగాలి" అంది. రాకడమ్మ వెనక్కి వెళ్ళి, ఆగవలసినచోట ఆగి మళ్ళీ చదివింది. అంతా అయ్యాక పంతులమ్మ, "మొదట్నుంచి" అంది.

అలా పదకొండు రోజులు. చిగుళ్ళు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. చెబితే కోడలు అరగదీస్తానని సెట్టు పట్టుకుపోతుంది, ఆ పూటకు చదువు ఆగిపోతుందని చెప్పలేదు. పన్నెండో రోజు, చదువు సగంలో ఉండగా పంతులమ్మ ఊపిరి ఆగింది. అక్కకూతురు నాడి చూసి, "పిన్ని వెళ్ళిపోయింది, ఇక ఆపండి" అంది. రాకడమ్మ ఆపలేదు. ఇంకా పేజీన్నర ఉంది. ఆగవలసినచోటల్లా ఆగుతూ చివరి మాటదాకా చదివి, పుస్తకం మూసి, అప్పుడు భోరున ఏడ్చింది.

మర్నాడు సమాధిదగ్గర కూడా ఆమే చదివింది. జనం వెళ్ళిపోయాక నాలుగు వరుసల అవతల ఉన్న భర్త సమాధి దగ్గరకు నడిచింది. ఇన్నేళ్ళలో ఆ పక్క నేలను ఆమె తిన్నగా చూసింది లేదు. ఇప్పుడు చూసింది. గడ్డి మొలిచిన మామూలు నేల. భయం పోలేదు గానీ, కాళ్ళు వెనక్కి లాగలేదు.

పార కడుక్కుంటున్న కాటికాపరిని పిలిచింది.

"ఈ పక్క చోటు నాకు ఉంచు. అవసరం పడకపోవచ్చు. పడితే మాత్రం నేనిక్కడే ఉంటాను."

"అలాగేనమ్మా."

"ఒకవేళ ఈలోపు ఆయనే వచ్చేస్తే, ఇంకెవరికైనా ఇచ్చెయ్."

కాటికాపరి పార ఆనించి ఆమెవైపు వింతగా చూశాడు. "ఆయనే వచ్చేస్తే ఇంకెవరికి కావాలమ్మా ఇది?"

రాకడమ్మ పుండ్లు పడ్డ చిగుళ్ళమీద ఆ ఆరేళ్ళ పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.