పొయ్యి పక్కన కాగితం

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అరవై మూడో ఏట పలక పట్టాను. ఒక్క పేజీకి నాకు రెండు రోజులు పడుతుంది. అయినా ఇది నేనే రాయాలి.

మా తోడికోడలూ నేనూ దర్జీ పని చేస్తాం. ఆమె కత్తిరిస్తుంది, నేను కుడతాను. అందుకే వీధిలో ఆమెను కత్తెరక్క అంటారు, నన్ను సూదమ్మ అంటారు. మగవాళ్లిద్దరూ పోయాక దుకాణం వెనక గదిలోనే కలిసి ఉంటున్నాం. వంట నాది.

మా ఆయనకి కిడ్నీలు చెడినప్పుడు ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చారు. అప్పట్లో అక్షరాలు రావు గానీ దాని మీద బొమ్మలుండేవి. పాల గ్లాసు, పెరుగు, పప్పులు, పల్లీలు, ఆకుకూరలు, చేప. అన్నిటి మీదా ఎర్ర సిరాతో కొట్టేశారు. దాన్ని పొయ్యి పక్కన గోడకి అంటించి, అలాగే వండిపెట్టాను. ఏడాది కూడా కష్టమన్న మనిషి నాలుగేళ్లు బతికాడు. దాంతో నాకు ఆ కాగితం మీద గురి కుదిరింది. ఆయన పోయాక కూడా కొట్టేసిన వస్తువేదీ గడప దాటనివ్వలేదు. ఆయనకి చెడు చేసేవి మాకు మాత్రం మంచి చేస్తాయా అనుకున్నాను. తెల్లన్నం, క్యాబేజీ, ఆకలేస్తే బ్రెడ్డూ జామూ, పాలు లేని టీ. పన్నెండేళ్లు ఇదే.

"ఒక్క చుక్క పాలు పోస్తే నీ సొమ్మేం పోతుందే?" అనేది అక్క.

"విషం తాగుతావా?"

"నీ టీ కంటే అదే నయం," అంటూనే తాగేసేది.

మొన్న చలికాలంలో ఒక పొద్దున అక్క దుకాణం షట్టర్ ఎత్తబోయింది. టక్కుమంది. షట్టరేమో అనుకున్నాను. విరిగింది అక్క కుడి మణికట్టు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఎముకలు గుల్లబారాయంది. రక్తంలో చక్కెర కూడా హద్దు దాకా వచ్చిందంది.

"ఏం తింటారమ్మా?"

"మా చెల్లెలు మహా కట్టుదిట్టం," అంది అక్క గొప్పగా. "పాలు, పప్పులు, ఆకుకూరలు, చేపలు, ఏదీ ఇంట్లోకి రానివ్వదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"ఆసుపత్రి కాగితంలో ఉంది," అన్నాను.

"ఈసారి అది తీసుకురండి. ఈమె ఎక్కడైనా పడితే తుంటి విరగొచ్చు. అప్పుడిక మంచమే."

ఇంటికొచ్చి కాగితం ఊడదీశాను. చదువు నేర్చిన నాలుగేళ్లలో దాన్ని చదవాలని నాకెప్పుడూ తోచలేదు. అందులో ఏముందో తెలుసు కదా! ఇప్పుడు వేలు పెట్టి కూడబలుక్కున్నాను. పైన మా ఆయన పేరు. అడుగున, నూనె మరకల కింద రెండు వరుసలు: 'ఈ నియమాలు ఈ రోగికి మాత్రమే. ఇంట్లో మిగతావారు మామూలుగానే తినాలి.'

అక్కకి చదువు రాదు. చింపేసి, డాక్టరమ్మ తిండి మార్చమందంటే సరిపోయేది. పొయ్యి దాకా తీసుకెళ్లాను కూడా. దుకాణంలో అక్క ఎడమ చేత్తో కత్తెర ఆడించడం నేర్చుకుంటోంది. గుడ్డ నలుగుతోంది గానీ తెగడం లేదు. ఆ చప్పుడు వింటూ నిలబడలేకపోయాను. వెళ్లి చదివి వినిపించాను.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

"అంటే పన్నెండేళ్లూ రోగిష్టి తిండి తిన్నానా?"

"నేనూ అదే తిన్నానక్కా."

"నువ్వు నమ్మి తిన్నావు. నేను నువ్వు పెట్టావని తిన్నాను."

మూడు రోజులు అక్క నేనిచ్చిన పాలు ముట్టుకోలేదు. గ్లాసులోనే మీగడ కట్టిపోయేవి. నాలుగో రోజు ఎవరో కోటు గుడ్డ తెచ్చి, వారంలో కావాలన్నారు. అక్క తన కట్టు చూసుకుంది, నన్ను చూసింది.

"కత్తెర పట్టు. ఇక నీ చెయ్యే నా చెయ్యి."

ఎడమ చేత్తోనే సుద్ద గీత గీసింది. నేను కత్తెర ఆనించి ఆగిపోయాను.

"అంత భయమేమే? గుడ్డా, పామా?"

"వంకర పోతుందేమో అక్కా."

"నీ చేతిలో వంకర పోనిదేముందిలే. కానివ్వు."

ఆ మధ్యాహ్నం పాల గ్లాసు ఖాళీ చేసింది. "క్షమించాననుకోకు. ఆకలేసింది."

ఎముకల్లో పోయిన బలం మొత్తం తిరిగి రాదట. ఇంకా దిగజారకుండా మాత్రం ఆపొచ్చట. మాత్రలతో పాటు అక్క ఇప్పుడు పెరుగు, పప్పులు, ఆకుకూరలు, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు తింటోంది. జామ్ మానేశాం. కట్టు విప్పాక పలచని గుడ్డలు తనే కత్తిరిస్తోంది, మందపువి నేను. కోపం పూర్తిగా పోలేదు. పోవాలని నేనూ అడగలేదు.

నిన్న ఎండలో నడుస్తుంటే నా మోచెయ్యి పట్టుకుంది.

"తూలుతున్నావా అక్కా?"

"నేను కాదు. నువ్వూ అదే తిండి తిన్నావుగా! నువ్వు పడితే కుట్టేదెవరు? సోమవారం నీకూ పరీక్ష చేయిస్తా, పద."

సూదమ్మ,
అరవై ఏడేళ్లు,
దర్జీ దుకాణం వెనక గది.