పేరమ్మ చేలో దించిన పురుగులు

నా కోతలన్నీ మా ఊళ్లో నమ్ముతారు. మా తాత గుమ్మడికాయ దొలిచి, అందులో కూర్చుని కృష్ణ దాటాడంటే, తెడ్డు దేనితో చేశాడని అడుగుతారే గాని కాదనరు. పేరమ్మ చేలోకి పురుగుల్ని పల్లకీలో తెచ్చి దించారంటే మాత్రం "ఊరుకో తాతా" అంటారు. జరిగింది అదే.

పేరమ్మ మా బాబాయి కొడుకు రోశయ్య భార్య. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన నల్లరేగడి చేను రోశయ్య పొలం పక్కనే ఉండేది. దాని మీద వచ్చింది ఆమెదే, మొగుడికి కూడా వాటా లేదు. ఆ ఏడు పత్తి వేసి, పంట చేతికొస్తే పాడిగేదెను తెచ్చుకోవాలని సత్తెనపల్లి సంతకు పోయి కొమ్ములు కూడా చూసి వచ్చింది.

అరవైల మొదట్లో సంగతి. పురుగుమందులు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్నాయి. జానకిరామయ్యగారని ఒక మందుల కంపెనీ ఆయన మందు కొట్టే చేతిపంపులతో దిగాడు. రోశయ్య పొలాన్ని మళ్లుగా విడదీసి, ఒక్కో మడికి ఒక్కో మందు ఊరికే కొట్టిస్తానన్నాడు. పోల్చి చూడ్డానికి ఒక చోట మాత్రం మందు కొట్టకుండా వదలాలన్నాడు. రోశయ్య చెయ్యి నేరుగా పేరమ్మ చేను వైపు లేచింది.

పేరమ్మ తెల్లవారుజామునే బూడిద నీళ్ల ముంత పట్టుకుని, మొక్క మొక్కా వెతికి పురుగు ఏరింది. జానకిరామయ్యగారు మళ్లీ వచ్చేసరికి ఆ చేను కడిగినట్టు ఉంది.

"ఇక్కడ పురుగేదీ?" అన్నాడాయన.

"మీ మందు వాసనకే పారిపోయుంటాయండీ. మా ఊరి పురుగులు పిరికివి," అన్నాను.

ఆయన నవ్వబోయాడు. రోశయ్యే చెడగొట్టాడు. "మా ఇంటిది ఏరేసిందండీ!"

"పరీక్షంతా పాడైందయ్యా!"

ఈసారి జానకిరామయ్యగారు అట్టపెట్టెతో వచ్చాడు. నిండా బెండకాయ ముక్కల మీద పెంచిన పిల్ల పురుగులు, వెంట్రుక మందాన ఉన్నాయి. మెత్తని కుంచెతో ఒక్కోదాన్నీ లేపి, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు పేరమ్మ మొక్కల చిగుళ్ల మీద పడుకోబెట్టాడు.

"ఒరేయ్ రోశయ్యా, నీ పొలంలో దించమనరాదట్రా!"

"నీకెందుకన్నయ్యా? మాటిచ్చాను," అని పెళ్లాం వైపు తిరిగాడు. "ఏమే, మళ్లీ ఆ చేలో కాలు పెట్టావో, ఇంట్లో పెట్టొద్దు!"

పేరమ్మ గట్టు మీదే కూర్చుంది. ఆమె చూస్తుండగానే పిల్ల పురుగులు పెద్దవయ్యాయి. పూత రాలింది. కాయలకు చిల్లులు పడ్డాయి.

చివర్లో నాలుగూళ్ల రైతుల్ని పిలిచి, మందు కొట్టిన మళ్లూ, కొట్టని చేనూ చూపించారు. పేరమ్మ చేను ముందు రంగు వేసిన బల్ల ఒకటి పాతారు. చదివినవాళ్లంతా నవ్వుకుంటూ పోతున్నారు.

"ఏం రాశారు బావగారూ?" అంది పేరమ్మ.

"పేరమ్మగారి చేను అని."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఇంత చిన్న కోత మీరెప్పుడూ కొయ్యలేదే."

అప్పుడు ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. 'సోమరి రైతు చేను' అని ఉంది.

మరుసటి ఏడు ఊరంతా ఆ మందే కొట్టింది, అందరికంటే ముందు రోశయ్య. పేరమ్మకు దక్కింది పత్తికట్టె. బల్లను కూడా పీకి అందులో కలిపి పొయ్యిలో పెట్టింది. భగ్గున మండింది. దాని మీద కాచుకోవడానికి ఇంట్లో పాలు లేవు.